అమ్మేదెవరు? చేసేదెవరు?

కళను అమ్ముకోవడం తప్పా? తడుముకోకుండా "తప్పే" అనేవారు మన విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. కళ పవిత్రమైనదట, బజారుకెక్కితే మైల పడుతుందట! ఇది కడుపు నిండినవాళ్ళు చెప్పే మాట. న్యూజీలాండు మూలవాసులైన మావోరీల చరిత్ర చూడండి, అసలు ప్రశ్న వేరే ఉందని తెలుస్తుంది.

మావోరీలకు పౌనమూ అనే పచ్చరాయి అమూల్యమైనది. దానితో చెక్కిన 'హే టికి' అనే మెడబొమ్మ తరతరాలుగా వారసత్వంగా చేతులు మారుతూ వస్తుంది. పెద్దల మహిమ అందులో నిలిచి ఉంటుందని వారి నమ్మకం. అటువంటి రాయి 19వ శతాబ్దం చివర ఓడలెక్కి జర్మనీలోని ఇదార్-ఒబెర్‌స్టైన్ పట్టణానికి పోయింది. అక్కడి పనివాళ్ళు టికీలు చేస్తే అవి తిరిగి న్యూజీలాండు అంగళ్ళకే వచ్చాయి! తర్వాత ప్లాస్టిక్ టికీల కాలం వచ్చింది. ఆ దేశపు విమానసంస్థే వాటిని ప్రయాణికులకు ఉచితంగా పంచిపెట్టింది. రాయి వాళ్ళది, రూపం వాళ్ళది, లాభం మాత్రం ఇంకొకరిది.

మరి అమ్మకమే శత్రువా? కానేకాదు. రోటొరువాలో 1963 చట్టం ప్రకారం ఏర్పడిన మావోరీ కళల సంస్థ కొయ్యచెక్కడం, నేత నేర్పుతోంది. యాత్రికులు ఇచ్చే డబ్బే ఆ బడికి ఆధారం. డబ్బు లేకపోతే ఉలి పట్టే కుర్రవాడు మరో పని వెతుక్కోడా?

కాబట్టి పోరాటం అమ్మకం మీద కాదు, హక్కు కోసం. 1997లో పౌనమూ మీద యాజమాన్యం చట్టరీత్యా ఙాయ్ తాహు తెగకు తిరిగి దక్కింది. 2002లో అసలైన మావోరీ పనికి 'తోయ్ ఇహో' అనే ముద్ర వచ్చింది. అమ్మకాలు పెరగలేదంటూ 2009లో ప్రభుత్వ కళాసంస్థ దాన్ని వదిలేసింది. ఇదెక్కడి న్యాయం? ముద్ర ఉన్నది గల్లాపెట్టె నింపడానికా, చేసినవాడి పేరు నిలబెట్టడానికా? చివరికి మావోరీ కళాకారులే దాన్ని చేతికి తీసుకున్నారు. తమ సంస్కృతి మీద తమ హక్కు తేల్చమని 1991లో వేసిన దావాపై నివేదిక రావడానికి 2011 దాకా, అంటే ఇరవై ఏళ్ళు పట్టింది!

పక్కవాడి నకలుతో పోటీపడే బాధ మన పోచంపల్లి నేతగాడికీ తెలుసు. రేపు మనలో కొందరు ఆ దేశాలకు చదువులకో, ఉద్యోగాలకో పోతారు. టికి కొనాలనిపిస్తే కొనండి, తప్పులేదు. కాని ధర అడగక ముందు ఒక్క మాట అడగండి: "ఇది చేసిందెవరు? ఏ తెగవారు?" అంగడివాడు నీళ్ళు నమిలితే ఆ బొమ్మను అక్కడే పెట్టేసి రండి.