మేడ మీద పూలరంగడు

మా ఓనరుగారికి పూలంటే ఇష్టమే. పూలకుండీలంటేనే గిట్టదు! మేడ మీద గది అద్దెకిచ్చేటప్పుడే "కుక్కలూ, కుండీలూ కూడదు" అని షరతు పెట్టారు. కుండీ అంటే నేల మీద ఉండేది గానీ వేలాడేది కాదని లా పాయింటు తీసి, వరండా కొక్కేలకి రెండు బుట్టలు తగిలించాను.

చెప్పొద్దూ, ఈ పిచ్చి నాకు సినిమాలే అంటించాయి. పాటలో హీరోయిన్ కిటికీ తీస్తుంది. పక్కన బుట్టనిండా పెటూనియా పూలు. ఆవిడ చిన్న డబ్బాతో నీళ్ళు పోస్తుంది. నేనూ పోశాను. పొద్దున ఓ చెంబు, పత్రికాఫీసుల చుట్టూ తిరిగొచ్చాక రాత్రి ఓ చెంబు. ఫ్రెండ్స్ నన్ను పూలరంగడన్నారు. (అక్కినేని 'పూలరంగడు' 1967లో వచ్చింది. మీరు పుట్టి ఉండరు, నేనూ పుట్టలేదు లెండి!)

పదో రోజుకి ఆకులు వాలిపోయాయి. పాపం దాహమేమోనని ఇంకో చెంబు పోశాను. ఇంకా వాలాయి. ఇంకో చెంబు! బుట్ట అంచు పొర్లి, కింద ఆరేసిన ఓనరుగారి తెల్లపంచె మీద ఎర్రమట్టి డిజైను పడింది. "నెలాఖరుకల్లా అవన్నా దింపండి, గదన్నా ఖాళీ చెయ్యండి" అన్నారాయన.

ఒక బుట్ట చంకనెట్టుకుని నర్సరీకి పరిగెత్తాను. తూర్పుగోదావరి జిల్లా కడియం నుంచి వచ్చి ఇక్కడ నర్సరీ పెట్టుకున్న ఒకాయన ఉన్నారు. మొక్కని వేళ్ళతో సహా పైకి లాగి చూపించారు. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, మురుక్కాలవ వాసన.

"ఆయ్! ఇది ఎండిపోలేదండి బాబూ, మునిగిపోయిందండి!"

వేరుకి నీళ్ళొక్కటే చాలదట, గాలీ కావాలి. మట్టి సందులన్నీ నీళ్ళతో నిండితే ఊపిరాడక వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు. అందుకే నీళ్ళలో ఉండి కూడా ఆకు ఎండకి వాడినట్టే వాలిపోతుంది. మనం దాహమనుకుని మళ్ళీ పోస్తాం. క్రైం పిక్చర్లో చివరికి ఇన్‌స్పెక్టరే హంతకుడని తేలినట్టుంది నా పని!

"మరి సినిమాల్లో...?" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. షూటింగులకి కుండీలు అద్దెకిచ్చేది ఆయనే. పొద్దున పూసినవి వెళ్తాయి, పేకప్ చెప్పగానే తిరిగొస్తాయి. ఆ మొక్క ఒక్కరోజు నటిస్తే చాలు. మన మొక్క బతకాలి!

నా బుట్టకి ఉన్నది ఒకటే బెజ్జం, అదీ పూడుకుపోయింది. ఇంకో నాలుగు పొడిచి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలిపి నింపిచ్చారు. కొబ్బరిపొట్టు వల్ల బుట్ట తేలిక, గాలీ ఆడుతుంది. నీళ్ళెప్పుడు పొయ్యాలో వేలిని అడగమన్నారు. రెండో కణుపు దాకా మట్టిలో దించితే తడి తగిలిందా, చెంబు దించెయ్యడమే. పొడిగా ఉంటే కింద బెజ్జాల్లోంచి కారేదాకా పొయ్యాలి. వాడిన పువ్వుని గింజ కట్టకముందే తుంచితే మొక్క మళ్ళీ మొగ్గ తొడుగుతుంది. వేలాడే బుట్టకి అన్నివైపులా గాలీ ఎండా తగుల్తాయి కాబట్టి మండువేసవిలో రోజుకి రెండుసార్లు కూడా అడుగుతుంది. నేను బాత్‌రూంలోకి తీసుకెళ్ళి తడిపి, కారడం ఆగాక మళ్ళీ తగిలిస్తున్నాను. పంచెలు క్షేమం!

కొత్త పెటూనియాలు చలికాలమంతా విరగబూశాయి. మార్చి ఎండకి మాడిపోయాయి. అది వాటి తత్వం, నా తప్పు కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది కిందట అమ్మ ఊర్నించి తడిగుడ్డలో చుట్టి నాచుపూల కొమ్మలు తెచ్చింది. గడ్డిగులాబీ అంటారే, అవి. "ఇవేం పూలే అమ్మా!" అని వాటర్ ట్యాంకు పక్కన పగిలిన బకెట్లో గుచ్చి మర్చిపోయాను. వెళ్ళి చూస్తే, నడినెత్తిన ఎండలో బకెట్ అంచు దాటి గులాబీ, పసుపు, నారింజ! కాడల్లోనే నీళ్ళు దాచుకునే జాతి. చెంబు ముఖం చూడకుండా బతికింది. సిగ్గేసింది. ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేశాను. "పొద్దున చూడరా, సాయంత్రానికి ముడుచుకుంటాయి" అంది, అంతే.

ఇప్పుడు రెండు బుట్టల్లోనూ అవే. నిన్న ఓనరుగారి భార్య వచ్చి ఓ కొమ్మ అడిగారు. రెండిచ్చాను. గది ఖాళీ సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.