చిన్నదా, పెద్దదా?

పుంగనూరులో మా భాంజా టమోటా కిరాయిలకు బండి కొంటానని మష్వరా అడిగాడు. "మామూ, టాటా ఏస్‌కి కిస్తు తక్కువ" అన్నాడు.

బేటా, లెక్క చూడు. 25 కిలోల క్రేట్లు 30 వేస్తే 750 కిలోలు. ఏస్ మోసేది అంతే. మదనపల్లె మార్కెట్‌లో సేఠ్ 50 ఎక్కించమంటే కాదనగలవా? 1,250 కిలోలు! కుప్పం దాకా ఎలాగో లాక్కెళ్తావు. చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఆ బరువంతా బ్రేకుల మీదే. అవి వేడెక్కితే పట్టు వదిలేస్తాయి.

1.3 టన్నుల బొలేరో పికప్‌కు అది మామూలు లోడు. దాన్నైనా ఎక్కిన గేరులోనే దించాలి.

నా రాయ్ ఇదే: ఊళ్లో తిరగడానికి చిన్నది చాలు. ఘాట్ కిరాయిలే కావాలంటే ఏడాది సబర్ చేసి పెద్దది కొను. కిస్తు ఆలస్యమైనా కట్టుకోవచ్చు, జాన్ పోతే రాదు.