పరీక్షలలో కాపీ - ప్రక్కబల్ల పిల్లల సంగతి

మన రాష్ట్రమున పదవ తరగతి, పండ్రెండవ తరగతి బోర్డు పరీక్షలు ఫిబ్రవరి, మార్చి మాసములలో జరుగుట పరిపాటి. పరీక్షలలో అక్రమములను శిక్షించుటకు 1982 నాటి చట్టమే కలదు. కాపీ కొట్టువాని సంగతి చట్టము చూచుకొనును. ప్రక్కబల్లపై కూర్చుండి స్వయముగా వ్రాయు పిల్లల సంగతి చూచువా రెవరు?

మొన్న కుంభారినుండి యొక బాలిక తండ్రివెంట మా దుకాణమునకు వచ్చి యిట్లడిగినది: "చూపియ్యకుంటె దోస్తులు మాట్లాడరు. సార్లకు చెప్తె చాడీలు చెప్తదంటరు. ఏం జెయ్యాలె, కాకా?"

మేము వెంటనే బదులు చెప్పజాలకపోతిమి. మేమును పదవ తరగతి పరీక్షలో లెక్కల కాగితము మిత్రునివైపు త్రిప్పినవారమే. అతడు ఉత్తీర్ణుడయ్యెను. పిదప నొక నూలు దుకాణమున గుమాస్తాగా చేర్పించితిమి. బేళ్ల లెక్క తేలక నెలలోపుననే మానుకొనెను. మేము చేసినది ఉపకారమని యాతడు నేటికిని అనడు.

తెలంగాణమున 2023 ఏప్రిల్ 4వ తేదీన పదవ తరగతి హిందీ ప్రశ్నపత్రము పరీక్ష సాగుచుండగనే బయటికి పోయినది. బయటివారు బెదిరించి తనచేత పత్రము చూపించుకొనిరని ఒక బాలుడు మొఱపెట్టుకొన్నను అధికారులు వానిని డిబారు చేసిరి. మిగిలిన పరీక్షలు వ్రాయుటకు హైకోర్టు అనుమతి కావలసి వచ్చెను. అట్టి సమయమున పిల్లవాడు తత్‌క్షణమే గదిలోని ఉపాధ్యాయునితో చెప్పవలెనని యింటనే నేర్పవలెను.

బాలికకు మేము చెప్పిన దిది: పరీక్షనాడు కాదు, ముందే చెప్పుము, చూపనని. చెప్పి, రానిది నేర్పుదును రమ్మని పిలువుము. భయపడి ప్రక్కకు తొంగిచూచిన పిల్లను వీధిన పెట్టనక్కఱలేదు. కాని చీటీలు అమ్ముడు పోవుచున్నచో ప్రధానోపాధ్యాయుని యొద్దకు పోవలసినవాడు తండ్రి. ఆ బరువు పిల్లలమీద వేయరాదు.

వేరొక యూర నేసిన దుప్పటికి సోలాపురపు చద్దరని చీటీ అంటించినచో మన బజారంతయు మండిపడును. పరుల వ్రాతపై మన పిల్లవాని పేరున్నచో మిఠాయి పంచుదుము! కుంభారిలో బీడీ కార్మికులకు 2006లో 10,000 ఇండ్లును, రాయ్‌నగరున అసంఘటిత కార్మికులకు 2024 జనవరిలో 15,000 ఇండ్లును అందినవి. వెయ్యి బీడీలకింత యని వచ్చు కూలితో అచటి తల్లులు పిల్లలను చదివించుచున్నారు. చుట్టని బీడీకి కూలి యడుగుట వారెఱుగరు.

పట్టుబడిన పిల్లలకొఱకు సిఫారసు ఉత్తరములు మేమును గతమున ఒకటి రెండు వ్రాసితిమి, తప్పు చేసితిమి. ఇకమీదట అట్టి యుత్తరములకై ఎవ్వరును రావలదు. లెక్కలు రాని పిల్లలున్నచో సాయంకాలములు పంపుడు. దుకాణముపై గది ఖాళీగానే యున్నది.