అడ్జస్ట్ కావాల్సింది అమ్మాయా, గేరు రాడ్డా?

మన ఇళ్లల్లో ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పే ఇంగ్లీషు మాట ఒకటుంది. అదే 'అడ్జస్ట్'. రైల్లో సీటు చాలకపోయినా అడ్జస్టే, అత్తారింట్లో గది చాలకపోయినా అడ్జస్టే. "కాస్త అడ్జస్ట్ అవ్వమ్మా" అన్నారంటే ఇక ఆ విషయం మీద మాట్లాడటానికి ఏమీ లేదని అర్థం. కార్ల షెడ్డులో మాత్రం ఇదే మాటకు ఇంకో అర్థం ఉంది. అక్కడ అడ్జస్ట్ చేసేది మనిషిని కాదు, వస్తువును. ఎక్కడ వదులైందో, ఎక్కడ బిగుసుకుందో చూసి దాన్ని మళ్లీ దాని చోట నిలబెడతారు. ఆ రెండో అర్థం మన ఇళ్లల్లోకి కూడా రావాలని నేనంటాను. అందుకు నా దగ్గరున్న ఉదాహరణ మా కారు గేరు.

కారు గేరు గురించి ఇల్లాలు రాయడమేమిటి అంటారేమో. మిక్సీ జార్ కింద కప్లర్ అరిగిందని, కుట్టుమిషన్‌లో దారం బిగువు ఎక్కువైందని, కుక్కర్ గాస్కెట్ సాగిందని ముందు కనిపెట్టేది ఎవరండీ? ఇంట్లో ఏ వస్తువు మూలిగినా ముందు మన చెవినే పడుతుంది. అలాంటప్పుడు కారొక్కటీ ఎందుకు మినహాయింపు?

మాది అయిదు గేర్ల పాత చిన్న కారు. కొన్నాళ్లుగా దానికో గుణం పట్టుకుంది. మొదటి గేరు వేద్దామంటే మూడోది పడేది. రివర్స్ కోసం రెండు మూడుసార్లు తడుముకోవాల్సి వచ్చేది. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు రాడ్డు గుడిగంట నాలుకలా ఊగేది. మా ఆయనకు ఇదేమీ ఇబ్బంది కాదు. "దానికో కిటుకుంది. ముందు ఎడమవైపుకు గట్టిగా ఆనించి, కొంచెం ఆగి, అప్పుడు పైకి తొయ్యాలి" అంటారు. రోజూ నడిపే చెయ్యి కదా, లోపం ఎంత పెరిగితే చెయ్యి అంత అలవాటు పడిపోయింది. ప్రతి పాత కారుకూ ఇలాంటి కిటుకు ఒకటి ఉంటుంది, దాన్ని గొప్పగా చెప్పుకునే మనిషి ఒకరుంటారు. కిటుకు అనేది మరమ్మతు కాదు, మరమ్మతును వాయిదా వేసే పద్ధతి.

అసలు చిక్కు మా అమ్మాయికి వచ్చింది. పద్దెనిమిది నిండగానే ఎల్ బోర్డు తగిలించుకుని నేర్చుకోవడం మొదలుపెట్టింది. డ్రైవింగ్ స్కూలు బండి బాగానే నడిపేది. మా బండి ఎక్కితే మాత్రం ఫ్లైఓవర్ ఎక్కేచోట ఆగి మళ్లీ కదలాల్సి వచ్చినప్పుడల్లా మొదటి గేరు బదులు మూడోది పడి ఇంజన్ ఆగిపోయేది. వెనక లారీ హారన్లు, పక్క సీట్లోంచి "కిటుకు చెప్పాను కదరా తల్లీ" అని వాళ్ల నాన్న. మూడు వారాలు తిరక్కుండా తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి "నాకు డ్రైవింగ్ రాదులే అమ్మా" అంది. ఇంట్లో అందరూ నమ్మేశారు కూడా. మా అత్తయ్యగారయితే "పోనీలే, రేపు తమ్ముడు నేర్చుకుంటాడుగా" అన్నారు. నాకు మాత్రం ఒక్కటే అర్థం కాలేదు. స్కూలు బండి మీద ఉన్న విద్య మా బండి ఎక్కగానే ఎక్కడికి పోతుంది?

ఇక్కడ కాస్త గేరు సంగతి చెప్పుకోవాలి. మనం చేత్తో పట్టుకునే రాడ్డు గేరుబాక్సులోకి నేరుగా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో గేరుబాక్సు బానెట్ కింద ఇంజన్ పక్కన ఉంటుంది. రాడ్డేమో రెండు సీట్ల మధ్య ఉంటుంది. ఈ రెంటినీ కలిపే అమరికను లింకేజీ అంటారు. కొన్ని బండ్లకు అది ఇనప కడ్డీ, కొన్నిటికి రెండు కేబుళ్లు. కేబుళ్లున్న చోట ఒకటి రాడ్డు ఎడమ కుడి కదలికను, రెండోది ముందు వెనక కదలికను మోసుకెళ్తుంది. మన పెద్దవాళ్ల కాలపు అంబాసిడర్లలో, ప్రీమియర్ పద్మినిల్లో స్టీరింగ్ పక్కనే గేరు ఉండేది గుర్తుందా? అక్కడ కూడా చేతి కదలిక స్టీరింగ్ స్తంభం వెంట కిందికి దిగి, కడ్డీల ద్వారా గేరుబాక్సుకు చేరేది. చెయ్యి ఒకచోట, పని ఇంకోచోట అన్నమాట.

ఈ లింకేజీలో కీలు ఉన్నచోట ప్లాస్టిక్‌తోనో రబ్బరుతోనో చేసిన చిన్న బుష్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది అరుగుతుంది, ఎండకీ ఇంజన్ వేడికీ పెళుసెక్కి చిట్లుతుంది. అడుగున పిసరంత వదులైతే పైన, మన చేతి దగ్గర, అది చాలా ఎక్కువగా తెలుస్తుంది. రాడ్డు పొడవు కదా మరి. ఇలా వదులైనప్పుడు మనం మొదటి గేరు దాకా వెళ్లామనుకుంటాం. కడ్డీ అవతలి కొస మాత్రం ఇంకా మూడో గేరు ఎదురుగానే ఉంటుంది.

వానాకాలంలో తలుపు ఉబ్బితే ఏమవుతుందో తలుచుకోండి. గడియ రంధ్రానికి ఎదురుగా రాదు. తలుపు ఎత్తిపట్టుకుని వేసేవాళ్లకు పడుతుంది, కిటుకు తెలియని చుట్టాలకు పడదు. అలాగని చుట్టాలకు గడియ పెట్టడం చేతకాదంటామా? వడ్రంగిని పిలిచి అవతలి పట్టీని కాస్త కిందికి దించమంటాం. గేరు లింకేజీ సర్దడం కూడా ఇంచుమించు ఇలాంటి పనే.

గేరు పడకపోతే ప్రతిసారీ లింకేజీదే తప్పని నేననడం లేదు. తేడా కనుక్కునే పరీక్షలు తేలికే, కారు కింద దూరనక్కర్లేదు. సమంగా ఉన్న నేల మీద బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపేయండి. క్లచ్ పూర్తిగా తొక్కి అన్ని గేర్లూ ఒక్కొక్కటే వేసి చూడండి. ఇంజన్ ఆపినా రాడ్డు మొరాయిస్తుంటే, వదులుగా ఊగుతుంటే, అనుమానం ముందు లింకేజీ మీదే. ఇంజన్ ఆపితే సాఫీగా పడి, స్టార్ట్ చేయగానే మొరాయిస్తే, రివర్స్ వేసినప్పుడు గరగరమంటే, క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో చూడాలి. దానికి కేబుల్ సాగడం ఒక కారణం. ఇంకో కారణం వింటే నవ్వొస్తుంది. కొత్తగా కొన్న మందపాటి మ్యాట్ పెడల్ కిందికి జరిగితే పెడల్ చివరిదాకా దిగదు! ముందు ఆ మ్యాట్ తీసి చూడండి. నడిచే బండిలో ఒక్క గేరు దగ్గరే కర్రుమని చప్పుడైతే అది గేరుబాక్సు లోపలి సంగతి కావచ్చు. యాక్సిలేటర్ తొక్కి వదిలినప్పుడల్లా రాడ్డు కూడా ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు చూపించుకోవాలి. ఇంజన్ కదిలితే దానికి తగిలించిన లింకేజీ కూడా కదులుతుంది.

మా బండికి నేను ఈ పరీక్ష చేశాను. ఇంజన్ ఆపినా అదే వరస. అంతకుముందు మా ఆయన ఒక షెడ్డులో "గేరు సరిగా పడట్లేదు" అని మాత్రం చెప్పి వచ్చారు. వాళ్లు గేరుబాక్సు దించాలని ఒక పెద్ద లెక్క రాసిచ్చారు. ఆ కాగితం చూసే మా ఆయన కిటుకుతోనే కాలక్షేపం చేశారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి బండి తీసుకెళ్లి, "బాబాయ్, ఇంజన్ ఆపినా ఇలాగే ఉంది. రాడ్డు బాగా వదులుగా ఊగుతోంది. మొదటి దానికి బదులు మూడోది పడుతోంది" అన్నాను. ఆయన గేరుబాక్సు మాటే ఎత్తలేదు. "అయితే ముందు బుష్‌లు చూద్దాం తల్లీ" అన్నారు.

రోగానికి పేరు మనం పెట్టక్కర్లేదండీ. లక్షణాలు సరిగ్గా చెబితే చాలు. పిల్లవాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు జ్వరం ఎప్పుడు వచ్చింది, ఎంత ఉంది, ఏం తిన్నాడు అని వరసగా చెప్పేది మనమే. ఆ విద్యే ఇక్కడా పనికొస్తుంది.

ఆయన చేసిన పని అక్కడే నిలబడి చూశాను. చక్రాలకు అడ్డం పెట్టి, బండిని పైకెత్తి స్టాండ్ల మీద నిలిపి, కింద కడ్డీ దగ్గర అరిగిన బుష్‌లు తీశారు. ఒకటి వేలితో నొక్కగానే పొడైపోయింది. కొత్తవి వేసి గ్రీజు రాశారు. తరువాత అసలు సర్దుబాటు. కడ్డీనీ గేరుబాక్సు నుంచి వచ్చే ఇరుసునూ కలిపే క్లాంప్ బోల్టు వదులు చేశారు. గేరుబాక్సును న్యూట్రల్‌లో ఉంచి, పైన రాడ్డును మూడు, నాలుగు గేర్ల వరసలో మధ్యకు తెచ్చి కదలకుండా పట్టుకోమని నాకే ఇచ్చారు. అయిదు గేర్ల బండ్లలో చాలావాటికి న్యూట్రల్‌లో రాడ్డు సహజంగా నిలబడే చోటు అదేనట. రెండు కొసలూ ఒక మాట మీదికి వచ్చాక బోల్టు బిగించారు. ముందు ఇంజన్ ఆపి అయిదు గేర్లూ, రివర్సూ వేసి చూశారు. తరువాత స్టార్ట్ చేసి చూశారు. కేబుళ్లున్న బండ్లకు కడ్డీకి బదులు కేబుల్ కొస దగ్గర సర్దుతారట. కొన్ని బండ్లకు సర్దే ఏర్పాటే ఉండదు, బుష్‌లు మార్చడమే వైద్యం. మొత్తం ఖర్చు మేం నలుగురం ఒకపూట హోటల్లో భోజనం చేసినంత కూడా కాలేదు.

ఆ ఆదివారమే మా అమ్మాయి కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా భవానీపురం దాకా వెళ్లి వచ్చింది. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. మా ఆయన రెండు రోజులు పాత కిటుకు వాడబోయి, అవసరం లేక, ఆయనే నవ్వుకున్నారు. నాకు ఖర్చు మిగిలిన దానికంటే ఇది ఎక్కువ సంతోషం. ఎందుకంటే ఆ బుష్ అలాగే ఉండిపోయి ఉంటే మా అమ్మాయి "నాకు డ్రైవింగ్ రాదు" అనే మాటను అత్తారింటికి కూడా పట్టుకెళ్లేది. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ఇంకొకరి కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. అరిగిపోయిన ఓ ప్లాస్టిక్ ముక్క కోసం అంత మూల్యమా?

ఆడవాళ్లకు బండి మరమ్మతులేం తెలుసు అనేవాళ్లకు నేను ఒకావిడ పేరు చెబుతుంటాను. మా ఊళ్లో బెంజి సర్కిల్ పేరు తలవని రోజుండదు కదా, ఆ పేరు వినగానే ఆవిడే గుర్తొస్తుంది. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ భర్త తయారుచేసిన మూడు చక్రాల బండి తీసుకుని, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్లకు పైగా నడిపింది. దారిలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. దూర ప్రయాణం చేసిన మొదటి కారు నడిపిందీ, దారిలో దాన్ని బాగుచేయించుకున్నదీ పుట్టింటికి బయలుదేరిన ఒక ఇల్లాలే!

"ఇప్పుడంతా ఆటోమేటిక్ కార్లేగా, ఇదంతా ఎందుకు?" అని మా మరిది అడిగాడు. అందరి ఇంటి ముందూ కొత్త కారు ఉండదు. పైగా 2014లో సెలెరియోతో మన దగ్గర చిన్న కార్లలోకి వచ్చిన ఏఎంటీ పద్ధతిలో లోపల ఉండేది మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మన బదులు యంత్రం చేస్తుంది, అంతే.

నడిపేవాళ్ల అలవాట్లు కూడా చూసుకోవాలి, కాదనను. రాడ్డు మీద చెయ్యి వేసి ఊరికే ఆనుకుని నడిపితే ఆ బరువు లింకేజీ మీదా, గేరుబాక్సు లోపలి ఫోర్కుల మీదా పడుతుంది. చాలా బండ్లలో రివర్స్‌కు ముందు గేర్లకున్న సింక్రోమెష్ ఉండదు కాబట్టి బండి పూర్తిగా ఆగాక, క్లచ్ తొక్కి రెండు క్షణాలు ఆగి వేయాలి. ఇవన్నీ పిల్లలకు నేర్పాల్సిందే. ముందు బండిని సరిచేసి, ఆ తరువాత నేర్పాలి.

ఇంకో జాగ్రత్త. ఇది చదివి జాకీ మీద లేపిన బండి కిందికి ఎవరూ దూరకండి. జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. కింద పని మెకానిక్‌కే వదిలేద్దాం. పైన కూర్చుని చేసే పరీక్ష మాత్రం మనమే చేద్దాం. ఈ ఆదివారం మీ కారు ఇంజన్ ఆపి గేర్లు ఒకసారి వేసి చూడండి. మీ ఇంట్లో ఎవరైనా "నాకు చేతకావడం లేదు" అంటే, "అడ్జస్ట్ అవ్వు" అనేముందు వాళ్ల చేతికి మనం ఇచ్చిన వస్తువు సరిగా ఉందో లేదో చూడండి.