భద్రత – ఇంటా బయటా: నడిసముద్రంలో భోజనం

గత సంచికలో వంటింటి గ్యాసు గొట్టాల గురించి వ్రాసినప్పుడు, ఈసారి మేడమెట్ల గురించి వ్రాయగలనని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. గత డిసెంబరులో మా కుటుంబం విహారనౌకలో చేసిన ప్రయాణంలో ఒక సంఘటన జరిగింది. అది మనసులో ఇంకా పచ్చిగా ఉండగానే కాగితం మీద పెట్టడం మంచిదని తోచింది. మన ఉద్యోగులలో పలువురు పదవీ విరమణ తరువాతనో, పిల్లలు విదేశాలలో స్థిరపడినందువలననో ఇటువంటి ప్రయాణాలకు వెళుతున్నారు. 2022లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నైలకు విహారనౌక నడచినప్పుడు మన కాలనీలో దానిని గురించి ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. కావున ఈ విషయం కొందరికైనా పనికిరాకపోదు.

మా అమ్మాయి, అల్లుడు సింగపూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. వారి అబ్బాయికి ఏడేండ్లు. వాడికి వేరుశెనగ, జీడిపప్పు పడవు. ఈ ‘పడవు’ అన్న మాటలోనే చిక్కు ఉన్నది. వంకాయ తింటే ఒళ్ళు దురదపెట్టినా పడలేదంటాం, రాత్రిపూట పెరుగు తిని జలుబు చేసినా పడలేదంటాం. ప్రాణం మీదికి వచ్చే స్థితికి కూడా మనకున్నది ఆ ఒక్క మాటే. వాడు రెండేండ్ల వయసులో మొదటిసారి పల్లీ చట్నీ నాలుకకు తగిలి ముఖమంతా ఉబ్బినప్పుడు, “కొద్దికొద్దిగా అలవాటు చేస్తే అదే పోతుంది, మా చిన్నతనంలో ఇవన్నీ ఉండేవా?” అన్నవాడిని నేనే. పులిహోరలోనూ, ఉండలలోనూ, ఉపవాసపు ఫలహారంలోనూ వేరుశెనగ లేనిదే గడవని ఇంట్లో పెరిగిన నాకు, అది ఒకరికి విషం కాగలదని నమ్మడం కష్టమయింది. కొద్దికొద్దిగా అలవాటు చేసే చికిత్స నిజంగానే ఉన్నది. అయితే అది నిపుణులైన వైద్యుల పర్యవేక్షణలో, మిల్లీగ్రాముల లెక్కన, నెలల తరబడి జరిగేది. తాతలు చేసే పని కాదు. మా అమ్మాయి ఆనాడు నాతో వాదించలేదు. కాని ఆ తరువాత రెండేండ్లపాటు మా ఇంటికి వచ్చినప్పుడల్లా వాడి భోజనం తానే విడిగా వండి పెట్టింది. నా భార్య అందుకు చిన్నబుచ్చుకున్నది కూడా.

శరీరంలో జరిగేది ఇది. ఆహారంలోని ఒక మాంసకృత్తును రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి, దానికి ప్రత్యేకమైన ప్రతిరక్షకాలను తయారు చేసుకొని ఉంచుతుంది. మళ్ళీ ఆ పదార్థం లోపలికి వచ్చినప్పుడు కొన్ని కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. చర్మంపై దద్దుర్లు లేస్తాయి, గొంతు వాస్తుంది, శ్వాసనాళాలు ముడుచుకుంటాయి, రక్తనాళాలు సడలి రక్తపోటు పడిపోతుంది. దీని తీవ్రరూపమే అనాఫిలాక్సిస్. చిత్రమేమిటంటే, ఈ పేరు వెనుక ఉన్న పరిశోధన కూడా ఓడ మీదనే మొదలయింది. 1901లో మొనాకో రాజు మొదటి ఆల్బర్టు పరిశోధన నౌకలో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు సముద్రజీవుల విషాన్ని పరీక్షించసాగారు. తిరిగివచ్చిన తరువాత సముద్రపు పువ్వు అనే జీవి విషాన్ని కుక్కలకు స్వల్పంగా ఇచ్చి చూశారు. టీకా వలె అది రక్షణ కల్పిస్తుందని వారి ఆశ. కొన్ని వారాల తరువాత మళ్ళీ ఇచ్చిన అతి చిన్న మోతాదుకే కుక్క నిమిషాలలో ప్రాణం విడిచింది. రక్షణకు విరుద్ధమైనది అన్న అర్థం వచ్చేటట్లు గ్రీకు మాటలతో రిషే 1902లో ఈ పేరు కూర్చారు. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఇక ప్రయాణం సంగతి. సింగపూరు నుండి బయలుదేరి పెనాంగు, ఫుకెట్ చూసి ఐదవనాటి ఉదయానికి తిరిగి చేరే నౌక అది. ఊళ్ళో ఒక హోటలు నచ్చకపోతే లేచి ఇంకొక హోటలుకు పోవచ్చు, ఆరోగ్యం చెడితే ఆసుపత్రికి ఆటో ఎక్కవచ్చు. నడిసముద్రంలో వంటశాల వారిదే, వైద్యశాల వారిదే. పెద్ద విహారనౌకలలో వైద్యుడు, నర్సులు ఉంటారు, అత్యవసర మందులు ఉంటాయి. అంతకు మించిన చికిత్స కావలసివస్తే రేవు చేరేవరకు ఆగాలి. హెలికాప్టరు ఎగిరి రాగల దూరానికి, అనుకూలించే వాతావరణానికి పరిమితులున్నాయి. మా అమ్మాయి ఇది ముందే ఆలోచించి టిక్కెట్లు కొన్న వారంలోనే అలెర్జీ వివరాల పత్రం నింపి పంపింది. అది అందినట్లు జవాబు వచ్చేవరకు ఊరుకోలేదు. వైద్యుని ఉత్తరం, రెండు అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్నులు, సీలు విప్పని బిస్కట్లు, ఒక సబ్బుబిళ్ళ పెట్టెలో పెట్టింది.

సబ్బు ఎందుకని నేనడిగాను. నౌకలో భోజనశాల ద్వారం వద్ద చేతులలో పిచికారీ చేసే ద్రావకం క్రిములకోసం పెట్టినది. అది వేరుశెనగ మాంసకృత్తును తొలగించదు. సబ్బు, నీరు అయితే కడిగివేస్తాయి. ముప్పై ఏండ్లకు పైగా ఇంజనీరునైన నాకు ఈ చిన్న విషయం ఏడేండ్ల పిల్లవాడు చెప్పాడు.

మొదటి సాయంత్రమే ప్రధాన భోజనశాల పర్యవేక్షకుని కలుసుకొన్నాము. ఆయన పత్రం తెరచి చూసుకొని, పిల్లవాని పేరు అడిగి, ఏ పదార్థాలన్నది మా నోటితో మరొకసారి చెప్పించుకొన్నాడు. ప్రతి రాత్రి భోజనానంతరం మరునాటి వంటకాల జాబితా తెచ్చి చూపేవాడు. అందులో నుండి మేము ఎంచినవి వంటవారు వేరే పాత్రలో, శుభ్రం చేసిన బల్లపై వండి, మూత పెట్టి పంపేవారు. మన కర్మాగారంలో మరమ్మతుకు ముందు ఇచ్చే పని అనుమతి పత్రం వంటిదే ఇది. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకొన్నారు, ఎవరు సరిచూశారు అన్నది ప్రతి పూటా కొత్తగా తేలుతుంది. నిన్న తిన్న వంటకమే ఈనాడు అడిగినా ఆయన మళ్ళీ వంటశాలకు వెళ్ళి కనుక్కొని వచ్చేవాడు. మొదట నాకది అతి అనిపించింది.

బఫే మాత్రం మరొక లోకం. యాభై పాత్రలు, వాటిలో గరిటెలు. ఒకరు జీడిపప్పు కూరలోని గరిటెను తీసి ప్రక్కనున్న పప్పులో పెడతారు. భారతీయ వంటకాల వరుసలో మన కంటికి పల్లీగాని జీడిపప్పుగాని కనబడదు. కాని చిక్కని తెల్లని గ్రేవీ అంతా నూరిన జీడిపప్పే. పేరులో ‘షాహీ’ అని ఉంటే నేను ఇప్పుడు దూరంగా జరుగుతాను. ఆగ్నేయాసియా వరుసలో సాటే అనే మాంసపు పుల్లలకు వేరుశెనగ పచ్చడి జోడు. గోధుమ పడనివారు కూడా ఈ నౌకలో మాకు తటస్థపడ్డారు. కూటు ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిసి ఉంటుందని వారికి నా భార్య చెబితే ఆశ్చర్యపోయారు. పప్పుపోపులో అది ఉందా అని ఎవరు అడుగుతారు?

భాష కూడా ఒక అడ్డంకి. మనవారు వాడే ‘గ్రౌండ్‌నట్’ అన్న మాట అక్కడి సిబ్బందిలో చాలామందికి తెలియదు, ‘పీనట్’ అనాలి. ఇండోనీషియా, మలేసియా వారి ‘కచాంగ్’ అన్న మాట చిక్కుళ్ళకూ పప్పులకూ కూడా చెల్లుతుంది, ‘కచాంగ్ తానా’ అంటేనే వేరుశెనగ. మా అల్లుడు ఒక చిన్న అట్టముక్కపై గింజల బొమ్మ వేయించి, క్రింద ఆ మాటలన్నీ వ్రాయించి ఇచ్చాడు.

నాలుగవనాడు రేవు లేదు, రోజంతా సముద్రమే. మధ్యాహ్నం అమ్మాయి, అల్లుడు గదిలో నిద్రపోతున్నారు. పిల్లవానిని నేను పద్నాలుగవ అంతస్తుకు తీసుకువెళ్ళాను. ఈతకొలను ప్రక్కన ఫలహారపు బల్ల ఉన్నది. వేయించిన బంగాళాదుంప ముక్కలు కావాలన్నాడు. అక్కడి యువకుని అడిగాను, ఇందులో వేరుశెనగ ఉన్నదా అని. లేదన్నాడు. అతడు అబద్ధం చెప్పలేదు. బంగాళాదుంపలో వేరుశెనగ ఎక్కడినుండి వస్తుంది? కాని ఆ మధ్యాహ్నం అదే నూనెలో వారు పెయెక్ అనే అప్పడాలు వేయించారు. అవి బియ్యపు పిండి జావలో వేరుశెనగ గింజలు పొదిగి చేసేవి. బాగా శుద్ధిచేసిన నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదంటారు. గింజలు వేగిన నూనె సంగతి వేరు. వేడికి ఆ గుణం నశించదు.

ఐదారు ముక్కలు తిన్నాడు. “తాతయ్యా, గొంతులో గుచ్చుకుంటున్నది” అన్నాడు. నీళ్ళిచ్చాను. మెడమీద దద్దుర్లు లేచాయి, దగ్గు మొదలయింది, గొంతు బొంగురుపోయింది. వాంతి చేసుకొన్నాడు. నా జేబులో అలెర్జీ సిరప్ ఉన్నది. ఇంజెక్షన్ పెన్నులు రెండూ ఎనిమిదవ అంతస్తులోని గదిలో, మా అమ్మాయి సంచిలో ఉన్నాయి.

ప్రధాన పంపు చెడితే ఆదుకోవడానికి మనం స్టాండ్‌బై పంపు పెడతాము. ఆ రెండింటికీ విద్యుత్తు ఒకే తీగపై ఇస్తే ఏమవుతుందో శిక్షణకు వచ్చిన కుర్రవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! రెండు పెన్నులు ఉన్నది ఒకటి పనిచేయకపోతే రెండవది వాడడానికి మాత్రమే కాదు, పిల్లవాడు ఎక్కడ ఉంటే అక్కడ ఉండడానికి. వాడిని తీసుకొని బయలుదేరేటప్పుడు సంచి అడగాలని నాకు తోచలేదు.

బల్ల దగ్గరి యువకుడే అత్యవసర ఫోను ఎత్తాడు. నేను గదికి ఫోను చేశాను. అమ్మాయి లిఫ్టు కోసం ఆగక ఆరంతస్తులు మెట్లెక్కి వచ్చింది. “సిరప్ పట్టి చూద్దామమ్మా, డాక్టరు వస్తున్నాడు” అన్నాను. “పక్కకు జరగండి నాన్నగారూ” అన్నది. నాతో ఆ స్వరంలో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. తొడ వెలుపలి భాగంలో, వేసుకున్న నిక్కరు పైనుండే పెన్ను నొక్కి పట్టింది. నాలుగైదు నిమిషాలకు దగ్గు తగ్గింది. వైద్యబృందం వచ్చి, నడవనీయకుండా స్ట్రెచరుపై క్రిందికి తీసుకొనిపోయింది. తగ్గిన లక్షణాలు కొన్ని గంటల తరువాత తిరిగి రావచ్చునని రాత్రి వరకు అక్కడే ఉంచారు.

సిరప్ దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది కాని మూసుకుపోతున్న గొంతును తెరవలేదని, పడిపోతున్న రక్తపోటును నిలపలేదని వైద్యుడు నాకు నెమ్మదిగా వివరించాడు. మొదటి మందు అడ్రినలినే. తగ్గకపోతే ఐదు నుండి పదిహేను నిమిషాలలో రెండవసారి ఇవ్వాలి. అనుమానం ఉంటే ఆగడం కంటే ఇవ్వడమే మేలని ఆయన అన్నాడు. పిల్లవానిని లేపి నిలబెట్టడం, నడిపించడం కూడదు, వెల్లకిలా పడుకోబెట్టాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టవచ్చు. మా అమ్మాయికి ఇవన్నీ తెలుసు. నేను వినలేదు, అంతే.

ఆ రాత్రి భోజనశాల పర్యవేక్షకుడు వచ్చి క్షమాపణ చెప్పాడు. పై అంతస్తు ఫలహారశాల తన పర్యవేక్షణలో లేదని, అక్కడికి మా పత్రం చేరలేదని అన్నాడు. కోపం తెచ్చుకోవడానికి నాకు అర్హత కనబడలేదు. “ఇందులో ఉన్నదా” అని కాక, “ఏ నూనెలో వేయించారు, ఆ నూనెలో ఇంకేమి వేయించారు” అని అడగవలసింది. అడగవలసింది కూడా వడ్డించేవానిని కాదు, వండేవానిని. తెలియదు అన్న జవాబు వస్తే దానిని ‘ఉన్నది’ అనే అర్థం చేసుకోవాలి.

మనదేశం నుండి చిరుతిండ్లు తీసుకువెళ్ళేవారికి ఒక మాట. 2020 నాటి మన లేబుల్ నిబంధనల ప్రకారం పొట్లాలపై వేరుశెనగ, జీడిపప్పు వంటి గింజలు, పాలు, గ్రుడ్లు, చేపలు, రొయ్య జాతి, సోయా, గ్లూటెన్ గల ధాన్యాలు ప్రకటించాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు. అమెరికాలో 2023 నుండి నువ్వులు కూడా చేరాయి, ఐరోపా జాబితాలో మొత్తం 14 ఉన్నాయి. నువ్వులు పడనివారు మన పొట్లాలలో వాటికోసం పదార్థాల జాబితా అంతా చదవవలసిందే. మిఠాయి కొట్టులో కాగితంలో చుట్టి ఇచ్చేదానికి ఏ జాబితా ఉండదు.

మనవడు ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. బంగాళాదుంప ముక్కలు మాత్రం ఇంట్లో వేయించినవే తింటున్నాడు. వాడిన పెన్ను స్థానంలో కొత్తది కొన్నారు. ఇప్పుడు ఒకటి వాడి నడుముకు కట్టిన సంచిలో, రెండవది వాడి వెంట ఉన్న పెద్దవారి వద్ద ఉంటుంది. సంచి చేతులు మారినప్పుడల్లా “నా దగ్గర ఉన్నది” అని పైకి చెప్పాలని మా అమ్మాయి నియమం పెట్టింది. ఆ రెండింటి గడువు తేదీలను నా డైరీలో, మా విభాగపు అగ్నిమాపక సిలిండర్ల తేదీల ప్రక్కనే వ్రాసుకొన్నాను.

మేడమెట్ల సంగతి వచ్చే సంచికలో.