పండోరా తెరచిన బాన

చిన్న వివాదమొకటి మొదలై, దాని వెంట అనర్థాలు వరుసగా వెలికి వచ్చినప్పుడు ‘పండోరా పెట్టె తెరుచుకున్నది’ అనడం తెలుగు పత్రికలకు కూడా అలవాటయింది. ఈ మాట వెనుక ఒక స్త్రీ ఉన్నది. తెరవవద్దన్న పెట్టెను కుతూహలం పట్టలేక తెరచి, లోకంలోని సమస్త దుఃఖాలకూ మూలమైనదని ఆమెకు అపకీర్తి. అయితే ఆ కథకు లభిస్తున్న అతి ప్రాచీనమైన ఆకరాన్ని పరిశీలిస్తే అక్కడ పెట్టె లేదు; తెరవవద్దన్న ఆజ్ఞ లేదు; కుతూహలం ప్రసక్తి కూడా లేదు.

ఆ ఆకరం క్రీ.పూ. 700 ప్రాంతానికి చెందిన హెసియడ్ కవి రచన. ప్రొమీథియస్ దేవతల నుండి నిప్పును దొంగిలించి మానవులకు ఇచ్చాడు. దేవరాజైన జ్యూస్ ఆగ్రహించి, ప్రతీకారంగా ఒక స్త్రీని సృష్టించమని ఆదేశించాడు. దేవశిల్పి హెఫీస్టస్ మట్టినీ నీటినీ కలిపి ఆమెను మలచాడు. ఎథీనా వస్త్రాలతో అలంకరించింది. హెర్మీస్ ఆమె హృదయంలో కపటాన్ని నింపాడు. జ్యూస్ పంపే కానుకను స్వీకరించవద్దని అన్న ప్రొమీథియస్ చేసిన హెచ్చరికను మరచి, ఎపిమీథియస్ ఆమెను ఇంట చేర్చుకున్నాడు. ఆమె ఒక బాన మూత తీసింది. వ్యాధులూ కష్టాలూ లోకమంతటా వ్యాపించాయి. ఆశ ఒక్కటే లోపల మిగిలింది.

ఆ బాన ఎక్కడి నుండి వచ్చిందో కవి చెప్పలేదు. ధాన్యం, నూనె, ద్రాక్షాసవం నిలువ చేసుకోవడానికి గ్రీకులు వాడిన పెద్ద మట్టిపాత్ర అది. 16వ శతాబ్దపు డచ్చి పండితుడు ఎరాస్మస్ లాటిన్ భాషలో ఈ కథను చెబుతూ, దానికి బదులు చిన్న పెట్టె అనే అర్థమిచ్చే పదాన్ని ప్రయోగించాడు. యూరపు భాషలు చాలావాటిలో అదే స్థిరపడింది. ఇంటి సరుకు నిలువ ఉండే బాన మూత తీయడం ఇల్లాలి నిత్యకృత్యం. ఎవరో మూసిపెట్టిన పెట్టెను చాటుగా తెరవడం వేరు. ఒక్క పదం మారడంతో ఇంటిపని కాస్తా నేరమై కూర్చున్నది.

నిప్పును దొంగిలించినవాడొకడు, పగ పట్టినవాడొకడు, హెచ్చరికను పెడచెవిని పెట్టినవాడు మరొకడు. నింద మాత్రం తన పుట్టుకకు గాని, తన స్వభావానికి గాని బాధ్యురాలు కాని పండోరాపై పడింది. హెసియడ్ స్త్రీజాతి పట్ల సానుభూతి గలవాడేమీ కాడు; ఇతరుల కష్టాన్ని తిని బ్రతికే పోతుటీగలతో స్త్రీలను పోల్చినవాడు. అటువంటి కవి సైతం ఇదంతా జ్యూస్ సంకల్పమేనని చెప్పక తప్పలేదు. పైగా ఆ కథకు ఇదొక్కటే రూపం కాదు. తరువాతి కాలపు బాబ్రియస్ నీతికథలో బానలో ఉన్నవి మేళ్లు. మూత తీసినది పండోరా కాదు, పేరులేని ఒక మనిషి. బ్రిటిష్ మ్యూజియంలోని క్రీ.పూ. 5వ శతాబ్దపు పానపాత్ర ఒకదానిపై ఆమె పేరు ‘అనెసిడోరా’ అని ఉన్నది. కానుకలను పైకి పంపునది అని దాని అర్థం. అది భూదేవికి తగిన పేరు. సిరులనిచ్చే దేవతయే కాలక్రమంలో ఆపదలను తెచ్చే ఆడదిగా మారి ఉంటుందని కొందరు పండితులు ఊహించారు.

ఇటువంటి మార్పు తెలుగు పాఠకులకు అపరిచితం కాదు. అహల్య రాయిగా మారినదని అందరూ ఎరుగుదురు. వాల్మీకి రామాయణంలో గౌతముని శాపం మాత్రం వాయుభక్షణ చేస్తూ, ఎవరికీ కనబడక, బూడిదలో పడి ఉండమనే. రాయి తరువాతి కథకుల కల్పన. ఆ అహల్యను సీతతో మాట్లాడించిన ఓల్గా ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం లభించింది.

కథను ఎవరి నోట వింటున్నామన్న ప్రశ్న గ్రీకు గాథలలో క్లైటెమ్నెస్ట్రా విషయాన మరింత పదునెక్కుతుంది. ‘ఒడిస్సీ’ కావ్యంలో అగమెమ్నాన్ ప్రేతాత్మ పాతాళలోకంలో తన గోడు వెళ్లబోసుకుంటుంది. భార్య ద్రోహం చేసిందట. ఆమె మూలంగా సాధ్వులతో సహా స్త్రీలందరికీ మచ్చ వచ్చిందట. ట్రాయ్ యుద్ధానికి నౌకలు కదలడం కోసం కన్నకూతురు ఇఫిజినియాను తానే బలి ఇచ్చిన సంగతి ఆ ప్రేతాత్మ నోట రాదు. అసలు హోమర్ కావ్యాలలో ఆ బలి ప్రస్తావనే లేదు. క్రీ.పూ. 458లో ప్రదర్శించిన ‘ఒరెస్టియా’ నాటకత్రయంలో ఎస్కిలస్ ఆ తల్లి కడుపుకోతను ముందుకు తెచ్చాడు. అయినా న్యాయం పూర్తి కాలేదు. తల్లిని చంపిన ఒరెస్టీస్ విచారణకు నిలిచినప్పుడు, తల్లి బీజాన్ని పెంచే దాది మాత్రమేనని, నిజమైన జన్మదాత తండ్రియేనని అపోలో వాదిస్తాడు. ఓట్లు సమానమవుతాయి. తల్లి కడుపున పుట్టని ఎథీనా ఓటుతో నిందితుడు విడుదల అవుతాడు. బలి అయిన బాలిక పేరిట ఎవరిపైనా విచారణ జరగలేదు.

మెడూసా సంగతీ ఇంతే. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ప్రకారం, దేవాలయంలో సముద్రదేవుని బలాత్కారానికి గురైనది ఆమె. శిక్షగా కురులు పాములైనదీ ఆమెకే.

నేటి భావాలను నాటి కథలపై రుద్దడం అన్యాయమన్న ఆక్షేపణ ఒకటి ఉన్నది. అది పూర్తిగా త్రోసివేయదగినది కాదు. యూరిపిడీస్ నాటకంలో మెడియా తన బిడ్డలను స్వహస్తాలతో చంపుతుంది. భర్త చేసిన వంచనను ఎంత చూపినా ఆ పని సుకృతం కాబోదు. అలా చూపబూనడం ఆ నాటకాన్ని చులకన చేయడమే. కాని అనుమానం నేటివారిది మాత్రమే కాదు. మెడియా బిడ్డలను కొరింత్ పౌరులే రాళ్లతో కొట్టి చంపారన్న కథను యాత్రికుడు పాసనియస్ నమోదు చేశాడు. అదే యూరిపిడీస్ క్రీ.పూ. 412 నాటి ‘హెలెన్’ నాటకంలో ట్రాయ్‌కి వెళ్లినది హెలెన్ నీడ మాత్రమేనని, నిజమైన హెలెన్ ఈజిప్టులో భర్తకై ఎదురుచూసినదని చిత్రించాడు. అంతకు రెండు శతాబ్దాల ముందే లెస్బోస్ ద్వీపపు కవయిత్రి సాఫో హెలెన్‌ను తలచుకొన్నది. భర్తను విడిచి వెళ్లిన ఆమెను సాఫో నిందించలేదు. మనిషి దేనిని ప్రేమిస్తే అదే అన్నిటికన్న సుందరమనడానికి ఆమెను నిదర్శనంగా చూపింది. గ్రీకు కవయిత్రుల రచనలు నేటికి మిగిలినవి బహు స్వల్పం. మిగిలిన ఆ కొద్దిపాటిలోనే హెలెన్ ఇంత భిన్నంగా కనిపించడం గమనార్హం.

మూలకవులు అనని మాటలను అనువాదకులు అన్న సందర్భాలూ ఉన్నాయి. ‘ఒడిస్సీ’ చివరలో, పెనెలొపీని పెళ్లాడగోరి ఇంట తిష్ఠ వేసినవారిని ఒడిస్సియస్ వధించిన తరువాత, వారితో కలిసిన పన్నెండుమంది దాసీలను కుమారుడు టెలిమాకస్ ఉరి తీస్తాడు. యజమాని ఇంట కాదనే స్వాతంత్ర్యం లేని బానిసలు వారు. ఆ ఘట్టంలో టెలిమాకస్ నోట గ్రీకు మూలంలో ఉన్నది ‘ఆ స్త్రీలు’ అని సూచించే చిన్న పదం మాత్రమే. 20వ శతాబ్దపు ఆంగ్లానువాదకులు కొందరు అక్కడ కులట, వేశ్య అని అర్థమిచ్చే తిట్లను చేర్చారు. 2017లో ఎమిలీ విల్సన్ అనువాదం వెలువడింది. ‘ఒడిస్సీ’ని సంపూర్ణంగా ఆంగ్లంలోకి అనువదించి ప్రచురించిన తొలి మహిళ ఆమె. ఆ తిట్లను విడిచిపెట్టి, ఉరికంబం ఎక్కిన ఆ పన్నెండుమందిని ఆమె ‘ఆడపిల్లలు’ అని వ్రాసింది.