అన్నదమ్ముల ఒప్పందం, ఐఆర్ఎస్ లెక్క

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో భవన నిర్మాణ సామగ్రి అమ్మే క్రౌన్ సి సప్లై అనే కంపెనీ అన్నదమ్ములిద్దరిది. మైకేల్ కనెల్లీకి 77.18 శాతం, థామస్‌కు మిగతాది. ఒకరు పోతే వాటా బయటివాళ్ల చేతికి వెళ్లకూడదని ముందే ఒప్పందం రాసుకున్నారు. రెండోవారు కొనకపోతే కంపెనీయే కొనాలి. ఆ డబ్బుకోసం కంపెనీ ఒక్కొక్కరి పేర 35 లక్షల డాలర్ల బీమా తీసుకుంది. 2013లో మైకేల్ మరణించారు. బీమా సొమ్ములోంచి 30 లక్షలు ఆయన ఎస్టేట్‌కు (అంటే ఆయన వదిలివెళ్లిన ఆస్తి లెక్కకు) చెల్లించి కంపెనీ వాటా వెనక్కి తీసుకుంది.

పేచీ అక్కడే మొదలైంది. కంపెనీ విలువ 38.6 లక్షలని, అందులో మైకేల్ వాటా 30 లక్షలని ఎస్టేట్ చెప్పింది. చేతికొచ్చిన బీమా సొమ్ము కూడా కంపెనీ ఆస్తేనని, మొత్తం విలువ 68.6 లక్షలని, వాటా సుమారు 53 లక్షలని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ లెక్కగట్టింది. అదనపు ఎస్టేట్ పన్ను 8,89,914 డాలర్లు. వాటా కొనాల్సిన బాధ్యతను అప్పుగా భావించి విలువలోంచి తీసేయాలన్న వాదనను అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్ 6న ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ క్లారెన్స్ థామస్.

వింటే అన్యాయంగా ఉంటుంది. వచ్చిన డబ్బు వచ్చినట్టే వెళ్లిపోయింది కదా! కానీ కోర్టు చూసింది మైకేల్ కన్నుమూసిన క్షణాన ఆ వాటా ఎంత పలుకుతుందన్నది. ఇంకో విషయం కూడా ఉంది. ఏటా కంపెనీ విలువ తేల్చి ధ్రువపత్రం మీద సంతకాలు చేయాలని ఒప్పందంలోనే రాసుకున్న సోదరులు ఒక్క ఏడాదీ ఆ పని చేయలేదు. బీమాను కంపెనీ కాకుండా ఒకరి మీద ఒకరు తీసుకుని, వాటాను రెండోవారే నేరుగా కొని ఉంటే బీమా సొమ్ము కంపెనీ ఖాతాలోకే వచ్చేది కాదు. అలా కొన్నవారు రేపు అమ్ముకున్నప్పుడు కొన్న ధర మినహాయించుకుని లాభం చూపే వీలూ ఉండేది. ప్రీమియం ఎవరికివారు కట్టుకోవాలి, తీసుకున్న పాలసీని బతికించుకోవాలి. ఆ బాదరబందీ మాత్రం తప్పదు.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఐటీ కన్సల్టెన్సీ, హోటల్, గ్యాస్ స్టేషన్ నడుపుతున్న తెలుగువారిలో ఎక్కువమంది ఫెడరల్ ఎస్టేట్ ట్యాక్స్‌కు భయపడాల్సిన పని లేదు. 2026 నుంచి మినహాయింపు మనిషికి కోటీ 50 లక్షల డాలర్లు. ఆదాయపు పన్ను కూడా వారసుల పట్ల ఉదారమే. తండ్రి 50 వేలకు మొదలుపెట్టిన కంపెనీ షేర్లు ఆయన పోయేనాటికి 20 లక్షలు చేస్తే, కొడుకు చేతిలో వాటి ఖరీదు 20 లక్షలే. మర్నాడే అమ్మినా లాభం లేనట్టే. మన దేశంలో ఇందుకు విరుద్ధం: తండ్రి కొన్న ధరే కొడుక్కీ వర్తిస్తుంది. టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో దంపతుల ఉమ్మడి ఆస్తికైతే భర్త పోతే భార్య సగానికి కూడా ఈ కొత్త ఖరీదు దక్కుతుంది.

చిక్కంతా వేరేచోట. మొదటిది వీసా. గ్రీన్ కార్డు లేకుండా పనిచేస్తూ అక్కడి కంపెనీలో షేర్లు కొన్న మనిషి అమెరికాలో స్థిర నివాసి కాడని తేలితే మినహాయింపు కోటిన్నర కాదు, 60 వేలు మాత్రమే. ఎస్టేట్ ట్యాక్స్ విషయంలో భారత్‌తో ఒప్పందం లేదు కాబట్టి ఊరటా లేదు. భార్య అమెరికా పౌరురాలు కాకపోతే జీవిత భాగస్వామికి దక్కే అపరిమిత మినహాయింపు కూడా ప్రత్యేక ట్రస్టు పెడితే తప్ప అందదు.

రెండోది ఎస్ కార్పొరేషన్, అంటే లాభం మీద పన్ను కంపెనీ కాకుండా వాటాదారులే కట్టే కంపెనీ. అమెరికాలో నివాసం లేని విదేశీయులు అందులో వాటాదారులుగా ఉండకూడదు. ఏలూరులో ఉన్న అమ్మానాన్నల పేరిట వాటా రాసిపెడితే, అది వారి చేతికి చేరిన రోజున ఎస్ హోదా పోయి, లాభం మీద కంపెనీ 21 శాతం పన్ను కట్టి, పంచినప్పుడు మళ్లీ పన్ను పడుతుంది. మిగతా భాగస్వాములకూ అదే దెబ్బ. ఒకరి వీలునామాలోని ఒక్క వాక్యం అందరి పన్ను మార్చేస్తుంది.

మూడోది రావాల్సిన బిల్లులు. డబ్బు చేతికొచ్చాకే ఆదాయంగా రాసుకునే నగదు పద్ధతి పాటించే ఏకవ్యక్తి వ్యాపారంలో, యజమాని పోయేనాటికి క్లయింట్ల నుంచి రావాల్సిన బిల్లులకు ఆ కొత్త ఖరీదు వర్తించదు. వసూలైనప్పుడు వారసులు ఆదాయపు పన్ను కట్టాల్సిందే. మరణించిన రోజు వరకు ఆదాయం ఆయన చివరి రిటర్నులోకి, ఆ తర్వాతది ఎస్టేట్ రిటర్నులోకి వెళుతుంది. ఎస్టేట్ చేతిలోనే ఉంచుకున్న ఆదాయం 2025లో 15,650 డాలర్లు దాటితే 37 శాతం పన్ను. మామూలు అవివాహితుడికి ఆ రేటు 6,26,350 దాటాకే. వారసులకు పంచకుండా ఖాతాలో పెట్టుకునే అలవాటుకు అమెరికా వేసే జరిమానా ఇది.

మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. మనిషి పోగానే ఆస్తి విలువ తేల్చే అలవాటు మన కుటుంబాల్లో అందుకే లేదు. అక్కడ వ్యాపారం చేస్తూ భాగస్వాములతో ఇలాంటి ఒప్పందం ఉన్నవారు ఈ ఏడాది దాన్ని తీసి, బీమా పాలసీ మీ కంపెనీ పేర ఉందో భాగస్వాముల పేర ఉందో, విలువ చివరిసారి ఎప్పుడు రాశారో, వాటా ఎవరికి వెళుతుందో, వారి వీసా ఏమిటో ఒక సీపీఏతోనూ లాయరుతోనూ కూర్చుని చూసుకోండి.